జోజమ్మ తరఫున

జోజమ్మ తనకోసం ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు. అడగడం రాక కాదు. ఆ నర్సరీలో ఆమెలా అడగగలిగిన మనిషి మరొకరు లేరు. కాకపోతే అడిగిందంతా ఇతరుల కోసమే. ఆమె అవసరాలు ఇంకొకరి నోటి గుండా వెళ్లేవి. అక్కడ అందరికీ అంతే. ఆ పద్ధతి ఎలా మొదలైందో ఆమెకు బాగా గుర్తు, ఎందుకంటే మొదలుపెట్టింది ఆమే.

పాల్వంచ నుంచి భద్రాచలం వెళ్లే దారిలో, అడవి రోడ్డును వదిలి వెనక్కి జరిగిన ఒకచోట, జామాయిల్ మొక్కలు పెంచే కంపెనీ నర్సరీ ఉంది. అక్కడ విత్తనాలు చల్లరు. మంచి చెట్ల నుంచి తెచ్చిన తల్లి మొక్కలను వరుసలుగా నాటి, వాటి లేత కొమ్మలు కోస్తారు. ఆకును సగానికి కత్తిరించి, కొమ్మ మొదలును వేరు మందులో అద్ది, కొబ్బరి పొట్టు నింపిన గొట్టాల్లో గుచ్చుతారు. ఆ ట్రేలను ప్లాస్టిక్ కప్పిన పెద్ద గదిలో పెడతారు. గదిలో ఆగి ఆగి సన్నటి నీటి తుంపర పడుతూనే ఉంటుంది. కంపెనీ వాళ్లు దాన్ని మిస్ట్ చాంబర్ అంటారు. ఆడవాళ్లకు అది మంచు గది.

పని జోడీలుగా నడుస్తుంది. ఒకరు కత్తిరిస్తే ఒకరు గుచ్చుతారు. జోజమ్మ జోడీ చాంది, పక్క తండా మనిషి. జోజమ్మ కంటే చిన్నది, మాటలో చురుకు, చేతిలో ఇంకా చురుకు.

మొదటి మేస్త్రి సీతయ్య. పని నేర్పడంలో ఎంత ఓపిక ఉండేదో సెలవు మాట వినడంలో అంత ఓపికలేనితనం ఉండేది ఆయనకు. అడిగేవాళ్లు నోరు తెరవగానే 'లేదు' అనేసేవాడు. చాంది కొత్తగా పనిలో చేరిన వానాకాలంలో, తండాలో పసిబిడ్డకు జ్వరమని కబురొచ్చింది. అడిగింది. లేదన్నాడు. చాంది తిరిగొచ్చి, కళ్లు తుడుచుకోకుండా కొమ్మలు గుచ్చుతూ నిలబడింది. కన్నీళ్లు ఏవో, తుంపర ఏదో తెలియలేదు. జోజమ్మ కత్తెర కింద పెట్టి బయటికి నడిచింది.

"మేస్త్రీ, చాంది బిడ్డకు జరం. దాన్ని పంపు. దాని ట్రేలు నేను నింపుత."

"నడుమ నీకేంది లాభం?"

"నాకేం లాభం? నడుములు ఇరుగుడే."

సీతయ్య కాసేపు ఆమె ముఖం చూశాడు. "అయితే నిజమే చెప్తున్నవ్. పొమ్మను దాన్ని."

అప్పటి నుంచి ఎవరైనా తన సెలవు తాను అడగబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టేవాడు. "నీ నోటితోని కాదు. నీ జోడీని రమ్మను." తనకు లాభం లేని మాట చెప్పేవాళ్లు అబద్ధం చెప్పరని ఆయన లెక్క. ఆ లెక్క మెల్లగా మర్యాద అయింది. ఎవరైనా మరిచిపోయి తనకోసం తాను అడిగితే మిగిలినవాళ్లు వదిలేవారు కాదు. "ఏంది, నీ జోడి మూగదైందా?" అని నవ్వేవారు.

ఆ మర్యాదకు రెండు నియమాలు ఉండేవి. ఎవరూ రాసి పెట్టలేదు, అందరికీ తెలుసు. అడిగే మనిషి, ఎవరికోసం అడుగుతోందో ఆమె పని తన మీద వేసుకోవాలి. ఆ సంగతి మేస్త్రి ముందు చెప్పాలి కూడా. దాని సగం పని నేనే చేస్తున్న, మిగిలింది గూడ చేస్త, అనాలి. ఆ మాట అన్నాకనే సీతయ్య చెవి ఇటు తిరిగేది. రెండోది, మొదటి 'లేదు' విని కదలకూడదు. కత్తెర పట్టే చేతిని రెండో చేత్తో పట్టుకుని, నేల చూస్తూ అక్కడే నిలబడాలి. రెండో 'లేదు' మొదటిదంత గట్టిగా ఉండదు.

ఆ తర్వాత జోజమ్మ ఎన్నో అడిగింది. షెడ్డులో పనిచేసే హేమ్లి కాలికి పుండైతే రబ్బరు చెప్పులు అడిగింది. పాలిచ్చే తల్లులకు నీడ అడిగింది. మరుగుదొడ్డికి తలుపు అడిగింది. ఆ తలుపు మాట ఎవరి తరఫున అడగాలో చాలాసేపు ఆలోచించి, చివరికి "ఈడ పనిచేసే అందరి జోడిగ అడుగుతున్న" అంది. సీతయ్య నవ్వాపుకోలేక తలుపు పెట్టించాడు.

జోజమ్మకు ఇదేమీ వింతగా తోచలేదు. వాళ్లది కథోలిక కుటుంబం. బూర్గంపాడులో పుట్టినప్పుడు, కష్టం చేసుకునేవాళ్లకు అండ అని, వడ్రంగి పనిచేసిన పునీతుడు జోజప్పగారి పేరు పెట్టారు. చిన్నప్పటి నుంచి జపమాల పూసలు తిప్పుతూ మరియమ్మను వేడుకుంటూ వచ్చింది, మా కొరకు ప్రార్థించండి అని. నాకు ఇది ఇవ్వు అని కాదు, నాకోసం నువ్వు అడుగు అని. ఒకసారి అన్నం తింటూ ఆ సంగతి చెబితే చాంది ఆశ్చర్యపోయింది.

"అయితే అక్కా, మీ దేవునికాడ గూడ మేస్త్రి ఉన్నడా?"

"మేస్త్రి కాదే పిల్లా. జోడి."

చాంది అన్నం కలుపుతూ చాలాసేపు ఆ మాట గురించే ఆలోచించింది.

జోజమ్మ భర్త ఆంథోని పాల్వంచలో కరెంటు తయారుచేసే చోట కాంట్రాక్టు పనివాడు. షిఫ్టు బస్సులో వెళ్లి షిఫ్టు బస్సులో వస్తాడు. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా ఆయన పని ఆగుతుంది. మళ్లీ ఎవరో పిలిచేదాకా ఇంటి ముందు సైకిల్ తుడుచుకుంటూ కూర్చుంటాడు. కూతురు ఖమ్మంలో నర్సింగ్ చదువుతోంది. ఆ ఇంట్లో ఆగకుండా నడుస్తున్నది జోజమ్మ పని ఒక్కటే. అందుకే, ఊపిరి అందకపోవడం మొదలైనప్పుడు ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అది రెండువేల ఏడు, వానలకు ముందు. మంచు గదిలో అడుగు పెట్టగానే ఛాతీ మీద ఎవరో తడి గోనె కప్పినట్టుండేది. కాసేపు నిలబడితే గోడ కోసం చెయ్యి చాచాల్సి వచ్చేది. భద్రాచలం దవాఖానాలో డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. తడి చోట పని మానెయ్యమన్నాడు. మానకపోతే మందులు ఎన్ని వాడినా ఇంతే అన్నాడు.

మంచు గది వదిలితే ఉన్న దారి ఒక్కటే, తల్లి మొక్కల తోట. అక్కడ ఎండ ఉంటుంది, వాన ఉంటుంది, కానీ గాలి ఉంటుంది. అక్కడికి మార్చకపోతే పని వదులుకోవాలి. ఆమెకు తెలిసింది అంతే.

చాందికి చెప్పాల్సిన పనిలేకపోయింది. జోడీ ముఖం చూసి పసిగట్టే కన్ను ఆమెది. కత్తెర ఆగిన ప్రతిసారీ తనే కొమ్మలు అందుకుని కత్తిరించేది, గుచ్చేది.

"నేను అడుగుత అక్క. నువ్వు నోరు మూసుకొని ఉండు," అంది ఒకరోజు.

"ఎవల్ని అడుగుతవే? సీతయ్య లేడు గద."

సీతయ్య అప్పటికే పని మానేసి పర్ణశాల దగ్గర అల్లుడి ఊరికి వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో బెంజమిన్ సూపర్‌వైజర్‌గా వచ్చాడు. మంచివాడే, కానీ తన చేతుల్లో ఏమీ లేదని రోజూ అందరికీ గుర్తు చేసేవాడు. "హెచ్చార్ మేడం వస్తుంది, ఆమెకు చెప్పుకోండ్రి," అనేవాడు.

ఆమె వచ్చింది. పేరు కవిత. చదువు ముగించి ఎంతో కాలం కాలేదు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ల్యాప్‌టాప్. ఆఫీసు పక్కన ఆమెకోసం అద్దాల గది కట్టారు. వచ్చిన వారంలోనే ఆడవాళ్లందరినీ షెడ్డు కింద కూర్చోబెట్టి మాట్లాడింది.

"ఇదివరకు కంపెనీ తనకేం కావాలో చెప్పేది, మీరు చేసేవాళ్లు. ఇప్పుడు కాలం మారింది. పనిచేసేవాళ్లు ఏం ఆశిస్తున్నారో కంపెనీ అడిగి తెలుసుకుంటుంది. మీతో ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడతాను. ఎవరి గురించి వాళ్లే చెప్పాలి. ఎవరికీ భయపడొద్దు. ఇంకోమాట, ఇకపై కూలీలు అనే మాట వద్దు."

"మరి ఏమనాలె మేడం?" వెనక నుంచి ఎవరో అడిగారు.

"టీం మెంబర్స్."

ఆ మధ్యాహ్నం షెడ్డంతా అదే ఆట. "టీం మెంబర్ హేమ్లీ, గా నీళ్ల బిందె ఇటు తే." "నువ్వే వచ్చి తీస్కో టీం మెంబర్, నా నడుము పట్టేసింది."

అందరూ నవ్వలేదు. లాలి అని ఇంటర్ పాసైన పిల్ల ఒకతి ఉంది. ఆమె సభలోనే లేచి నిలబడి, "నాకు కంప్యూటర్ నేర్పియ్యాలె మేడం, నేను ఎప్పటికీ కొమ్మలే గుచ్చుకుంట కూసోను," అంది. ఒకరిద్దరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. లాలి జోడీ తలొంచుకుంది, తప్పు తనదైనట్టు. జోజమ్మకూ మొదట సిగ్గుగానే తోచింది. తర్వాత ఆ పిల్ల ముఖం చూసింది. అందులో సిగ్గు ఎక్కడా లేదు. అలా అడగడం ఎలా ఉంటుందో అనుకుంది. అనుకుని వదిలేసింది.

తన వంతు వచ్చినప్పుడు జోజమ్మ అద్దాల గదిలో కుర్చీ అంచున కూర్చుంది. లోపల చల్లగా, పొడిగా ఉంది. ఊపిరి బాగా ఆడింది.

"చెప్పండి జోజమ్మగారూ. కంపెనీ నుంచి మీరేం కోరుకుంటున్నారు?"

"చాందిని సాయంత్రం జర జల్దీ ఇడువాలె మేడం. తండాకు ఆఖరి ఆటో పోతే అడివిల నడుసుకుంట పోవాలె. దాని మిగిలిన పని నేను చేస్త."

"చాంది వస్తుంది కదా, ఆమె చెప్తుంది. మీకేం కావాలో చెప్పండి."

"చాంది చెప్పదు మేడం."

"ఎందుకు చెప్పదు?"

"నేను చెప్తున్న గద."

కవిత ల్యాప్‌టాప్ మీద నుంచి చేతులు తీసింది. ఓపికగానే అడిగింది. "మీ గురించి. ఒక్క మాట. పనిలో ఏదైనా ఇబ్బంది ఉందా?"

జోజమ్మ తన చేతులు చూసుకుంది. నీళ్లలో నాని నాని వేళ్ల కొసలు తెల్లగా ముడతలు పడ్డాయి. దగ్గు వచ్చింది. మింగింది. మాట కూడా దగ్గుతో పాటే లోపలికి వెళ్లింది.

"నాకేం లేదు మేడం. నేను బాగున్న."

బయటికి వస్తుంటే చాంది గుమ్మం దగ్గర ఎదురైంది. కళ్లతోనే ధైర్యం చెప్పింది. జోజమ్మ తేలికపడింది. తన మాట ఇప్పుడు లోపలికి వెళ్తోంది.

చాంది ఆ గదిలో ఏం చెప్పిందో తర్వాత అందరికీ తెలిసింది. సీతయ్య ముందు ఎలా అడిగేదో అలాగే అడిగింది, ఒక్క మాట తగ్గించకుండా. మా జోడి జోజమ్మకు దమ్మొస్తున్నది మేడం. మంచు గదిల నిలబడలేదు, గోడ పట్టుకుంటది. ఆమెతోని ఆడ పని కాదు. ఆమెను ఆడికెంచి తియ్యాలె. కవిత తల ఊపుతూ విని ఒక ప్రశ్న అడిగింది, మరి ఆమె పని ఎవరు చేస్తున్నారని. చాందికి ఎంతో సంతోషమైంది. సరైన చోటికి వచ్చింది మాట. సగం నేనే చేస్తున్న మేడం, అంది. మొన్నటికెంచి సగం కంటే ఎక్కువే.

రెండు రోజుల తర్వాత బెంజమిన్ మంచు గది గుమ్మం దగ్గరికి వచ్చి జోజమ్మను బయటికి పిలిచాడు.

"నువ్వు రేపటికెంచి ఇంటికాడ ఉండాలె జోజమ్మా. కంపెనీ డాక్టర్ చూసి పనికి ఫిట్ అంటేనే లోపలికి."

"నేనేం చేసిన సార్?"

"ఏం చెయ్యలే. అదే కంప్లైంట్. పని చెయ్యలేకపోతున్నవ్, నీ పని గూడ వేరేటోళ్ల మీద పడుతున్నది అని వచ్చింది."

"ఎవలు చెప్పిండ్రు?"

"నీ జోడే."

మంచు గదిలో తుంపర ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. బెంజమిన్ చూపు తిప్పుకున్నాడు. ఆయనది బాప్టిస్టు సంఘం. మాట మార్చడానికో, నిజంగానే చెప్పాలనో అన్నాడు. "మేం దేవుణ్ని గూడ నేరుగనే అడుగుతం. నడుమ ఎవల్నీ పెట్టుకోం. నువ్వు గూడ నేరుగ ఓ మాట చెప్పాల్సింది ఆ రోజు."

"అవ్ సార్," అంది జోజమ్మ. కత్తెర ఆయన చేతికిచ్చింది.

ఆమె గేటు దాటకముందే మాట షెడ్డంతా పాకింది. అన్నాల దగ్గర చాంది పక్కన ఎవరూ కూర్చోలేదు. "సగం పని చేస్తున్నదంట. మరి జీతం సగం గుంజుకోరాదు," అంది ఒకామె. "ఇంకెవల జోడి ఎవల మీద చెప్పిందో," అంది ఇంకొకామె. ఆ రోజు నుంచి జోడీలన్నీ ఒకరినొకరు కొత్తగా చూసుకున్నాయి. చాందికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక 'యాడీ' అని అమ్మను తలచుకుని అక్కడే కూలబడింది.

జోజమ్మకు చాంది మీద అనుమానం కలగలేదు. ఏం జరిగి ఉంటుందో గేటు నుంచి రోడ్డుకు వచ్చేలోపే అర్థమైంది. అయినా ఒక ముల్లు మాత్రం లోపల ఉండిపోయింది. సగం నేనే చేస్తున్న అన్న మాట. అది నిజం. తానూ ఎందరి గురించో అలాగే చెప్పింది. చెప్పినప్పుడు అది ప్రేమే. మూడో మనిషి నోటి నుంచి విన్నప్పుడు మాత్రం సగానికి కత్తిరించిన ఆకులా ఉంది.

ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చేసరికి చాంది ఇంటి ముందు నిలబడి ఉంది. ఆంథోని సైకిల్ తుడుస్తూ, లోపలికి రమ్మనాలో వద్దో తేల్చుకోలేక చూస్తున్నాడు.

"తిట్టు అక్కా. తిట్టి లోపటికి పిలువు," అంది చాంది.

"తిట్టుడెందుకు. రా."

లోపల ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. చాంది కొంగు చివర మెలితిప్పుతూ మాట్లాడింది.

"నేను మంచిగనే అడిగిన. సీతయ్య ఉంటే అప్పుడే తోటలకు పంపుతుండె. ఈమెకేమో నేను నీ మీద చాడీ చెప్పినట్టు వినపడ్డది. మళ్ల పోయిన. మేడం, నేను గట్ల చెప్పలే అన్న. ఆమె గురించి ఆమెనే రమ్మను అన్నది. నేను ఎంత చెప్పినా గదే మాట."

"మంచిగున్నది మీ కంపెనీ," అన్నాడు ఆంథోని గుమ్మంలో నుంచి. "అడుగుతరు, వింటరు, ఇంటికి పంపుతరు. మా కాడ అది గూడ లేదు. నా కాంట్రాక్టర్ ఎవడో నాకే తెల్వది. మొకం చూడనోణ్ని ఏమని అడగాలె?"

"నువ్వు సైకిల్ తుడువు," అంది జోజమ్మ.

చాంది ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "నువ్వే పోవాలె అక్క."

"నాకు రాదే."

"ఊరందరి కోసం అడిగినవ్."

"ఊరందరి కోసమైతే వస్తది. నాకు నాది రాదు. నోట్లకెంచి ఎళ్లదు. ఆ రోజు చూసిన గద."

చాంది ఆలోచించింది. "మరి ఎట్ల?"

జోజమ్మకు దగ్గు వచ్చింది, ఈసారి మింగలేదు.

సోమవారం ఆమె నర్సరీకి వెళ్లింది. పనికి వచ్చేవాళ్ల వరుసలో కాక, పక్కన నిలబడింది. కవిత వచ్చాక వెనకే నడిచి అద్దాల గదిలోకి వెళ్లింది.

"కూర్చోండి జోజమ్మగారూ."

"కూసోను మేడం. నేను నా పని మీద రాలే."

"మరి?"

జోజమ్మ కత్తెర పట్టే చేతిని రెండో చేత్తో పట్టుకుంది. నేల చూసింది.

"జోజమ్మ అని ఒకామె ఉన్నది మేడం. ఆమె మాట మాట్లాడనీకి వచ్చిన."

కవిత తలెత్తింది. వేళాకోళమేమోనని చూసింది. ఎదుటి ముఖంలో వేళాకోళం లేదు. ఆమె ల్యాప్‌టాప్ మూసింది.

"చెప్పండి."

"ఆమె ఈ నర్సరీల మొదటికెంచి ఉన్నది. ఇప్పుడు ఆమెకు దమ్మొస్తున్నది. మంచు గదిలకు పోతే వస్తది, బయటికొస్తే తగ్గుతది. ఇంటికాడ పండుకోదు, గోడకు ఒరిగి కూసొని నిద్రపోతది. మొగనికి చెప్పదు. బిడ్డకు చెప్పదు. బిడ్డ నర్సు చదువుతున్నది, చెప్తే చదువు ఇడిసిపెట్టి వస్తదని భయం."

ఆగింది. ఎవరి తరఫున అడగాలన్నా ఆ మనిషి బతుకు తెలిసి ఉండాలి. ఇన్నాళ్లూ ఎందరి బతుకుల్లోకో చూసింది. ఈ మనిషిని ఇలా ఎదురుగా నిలబెట్టి చూడడం ఇదే మొదలు. ఆమె మీద జాలి కలిగింది. తనమీద తనకు ఎప్పుడూ కలగని జాలి అది.

"ఆమె పని చెయ్యలేక కాదు మేడం. ఆడ చెయ్యలేదు. తల్లి మొక్కల కాడ గాలి ఉన్నది. ఆడ పెడితే చేస్తది. ఆమె తక్కువ చేస్తే, మిగిలింది..."

అలవాటుగా వచ్చిన మాట సగంలో ఆగిపోయింది. మిగిలింది నేను చేస్త అనాలి. ఆ 'నేను' కోసం చుట్టూ చూసినట్టు చూసింది. ఎవరూ లేరు.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. కవిత మాట్లాడినప్పుడు ఆ మాట షెడ్డు కింద సభలో విన్న మాటలా లేదు.

"మా నాయన ఇల్లందు బొగ్గు బాయిల పని చేసిండు. ధన్‌సింగ్ అంటే నెమ్మదస్తుడని పేరు. ఎన్నడూ నోరు తెరవలే. నా మాట యూనియన్ లీడర్ మాట్లాడుతడు అనేటోడు. లీడర్లు మారిండ్రు. ఎవలూ మాట్లాడలే. బాయిల పేలుళ్లకు చెవులు పోయినయ్, గా సంగతి గూడ ఎవలూ అడగలే." ఆమె గుర్తింపు కార్డు సర్దుకుంది. "అందుకే ఎవరి మాట వాళ్లే చెప్పాలన్నాను. తప్పంటారా?"

"తప్పేం లేదు మేడం," అంది జోజమ్మ. "మీ నాయనకు జోడి లేకుండె."

కవిత కుర్చీలోంచి లేచింది. "తోటకు మార్చడం నా చేతిలో లేదు. మేనేజర్‌గారు ఒప్పుకోవాలి. మీరు బయట ఉండండి," అంది.

మేనేజర్ గది పక్కనే, మధ్యలో అద్దం. జోజమ్మ వేప చెట్టు కింద నిలబడి చూసింది. మాటలు వినపడవు. కవిత ఏదో చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు, తన కంప్యూటర్ వైపు తిరిగాడు. అయిపోయింది అనుకుంది జోజమ్మ. కానీ కవిత కదల్లేదు. ఆయన మళ్లీ తలెత్తేదాకా అక్కడే నిలబడింది. ఎవరు నేర్పారో ఈ పిల్లకు. ఆయన ఏదో అన్నాడు. ఈమె తన గుండె మీద చెయ్యి వేసుకుని జవాబు చెప్పింది. ఆ జవాబు ఏమై ఉంటుందో జోజమ్మ ఊహించగలదు. బాధ్యత తీసుకునే మాట అది. తను సగంలో ఆపేసిన మాట.

కవిత బయటికి వచ్చింది. నుదుటి మీద చెమట పట్టింది.

"వానాకాలం అయ్యేదాకా చూస్తారట. కంపెనీ డాక్టర్‌కు కూడా చూపించుకోవాలి. తర్వాత ఏమంటారో ఇప్పుడు చెప్పలేను. చాందికి జోడీగా లాలిని వేస్తారు. రేపటి నుంచి తల్లి మొక్కల దగ్గరికి రమ్మని చెప్పండి ఆమెకు."

"చెప్త మేడం." రెండు అడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మేడం, చాంది ఆటో సంగతి..."

"అది చాందినే వచ్చి అడగమనండి," అంది కవిత. నవ్వింది కానీ మాట మార్చలేదు.

చాంది మంచు గది గుమ్మంలో కాచుకుని ఉంది. లోపల తుంపర పడుతోంది. ఆమె జుట్టు నిండా సన్నటి చుక్కలు.

"ఏమైంది అక్క?"

"జోజమ్మను తోటల వేసిండ్రు."

చాంది ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత అర్థమైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, నోట్లో నవ్వు వచ్చింది. "మరి ఏమంటది ఆమె?"

"ఇంకా చెప్పలే ఆమెకు."

"జల్దీ చెప్పు. పాపం, గోడకు ఒరిగి కూసొని ఉంటది." నవ్వు ఆగాక చాంది ముఖం మారింది. "మరి నాకు జోడి?"

"లాలి అంట."

"లాలా! అది దాని మాటే మాట్లాడుతది గని నా మాట మాట్లాడుతదా?"

"నువ్వు దాని మాట మాట్లాడు. నీ మాట మాట్లాడుకునుడు దానికాడ నేర్సుకో. ఆటో సంగతి నువ్వే పోయి అడగాలంట."

"నేనా?" చాంది అద్దాల గది వైపు చూసింది, అది చాలా దూరంలో ఉన్నట్టు. అప్పుడే లోపలి నుంచి లాలి పిలిచింది, ట్రేలు ఆగిపోయాయని. చాంది లోపలికి వెళ్లింది. వెళ్తూ తడి చేత్తో జోజమ్మ చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది.

మరుసటి ఉదయం జోజమ్మ తల్లి మొక్కల వరుసలో నిలబడింది. అడవి వైపు నుంచి గాలి వస్తోంది. జామాయిల్ ఆకుల వాసన ఘాటుగా ఉంది. మొదటి కొమ్మ కోసి, అలవాటుగా కుడివైపు చాచింది. అందుకునే చెయ్యి లేదు. కొమ్మ కాసేపు గాలిలో ఉండిపోయింది. తర్వాత తనే వంగి, తడి గోనె మీద పెట్టింది.

నిటారుగా లేచి, ఊపిరి లోపలికి తీసుకుంది. అది అడ్డం లేకుండా చివరిదాకా వెళ్లింది.

అప్పుడు తనే చెప్పింది ఆ కబురు జోజమ్మకు.